సీజన్ మధ్యలో నిండిపోయిన సీ డ్రైవ్: కొత్త సర్వర్‌కి జాగా లెక్క వేసుకున్న నా అనుభవం

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కంప్యూటర్ల పని చూస్తాను. సర్వర్‌లో విండోస్ ఉండే సీ డ్రైవ్‌కి ఎన్ని జీబీలు పెట్టాలి అనే ప్రశ్న 2025 జూన్‌లో మా మెడకు చుట్టుకుంది. 2026 జనవరికి గానీ వదల్లేదు. ఈ మధ్యలో ఎంత ఖర్చయింది, ఎక్కడెక్కడ ఆగాల్సి వచ్చింది, ఏవి ముందే తెలిసి ఉంటే బాగుండేది అన్నీ వరసగా రాస్తున్నాను. ఒకే ఒక్క సర్వర్‌తో నెట్టుకొస్తున్న ఆఫీసులు, ఆస్పత్రులు, మిల్లులు మన వైపు చాలా ఉన్నాయి. వాళ్ళకు పనికొస్తుంది.

ఆ జూన్ మామూలు జూన్ కాదు. తోతాపురి ధర బాగా పడిపోయింది. కిలోకి 12 రూపాయలు రైతుకు అందేలా, అందులో 8 ఫ్యాక్టరీలు, 4 ప్రభుత్వం ఇచ్చేలా నిర్ణయం జరిగింది. ఆ నాలుగు రూపాయలు రైతు ఖాతాలో పడాలంటే ఎవరు ఎన్ని టన్నులు తోలారో రికార్డు ఉండాలి. రికార్డు మొదలయ్యేది కాటా దగ్గర. ట్రాక్టర్లు, లారీలు గేటు బయట రోడ్డు పొడవునా ఆగి ఉండేవి.

జూన్ మూడో వారంలో ఒక రాత్రి, పదకొండు దాటాక కాటా దగ్గరి తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, బరువు వస్తోంది, చీటీ ప్రింట్ కావడం లేదు" అన్నాడు. ప్రింటర్ మార్చి చూశాం, కేబుల్ మార్చి చూశాం. ఇంతలో ఎంట్రీ కూడా సేవ్ కావడం మానేసింది. సర్వర్ రూమ్‌లోకి వెళ్ళి చూస్తే సీ డ్రైవ్ గీత మొత్తం ఎర్రగా ఉంది, ఖాళీ సున్నా. పక్కనే డీ డ్రైవ్‌లో 700 జీబీకి పైగా ఖాళీ.

సీ డ్రైవ్ నిండితే ముందు ప్రింటింగే ఎందుకు ఆగిందో ఆ రాత్రే అర్థమైంది. మనం ప్రింట్ కొట్టగానే ఆ పని నేరుగా ప్రింటర్‌కి వెళ్ళదు. ముందు సర్వర్‌లో సీ డ్రైవ్ లోపల, విండోస్ ఫోల్డర్‌లోని స్పూల్ అనే చోట ఫైలుగా పడుతుంది. అక్కడ జాగా లేకపోతే కాగితం కదలదు. మా కాటా సాఫ్ట్‌వేర్ డేటాబేస్ కూడా సీ డ్రైవ్‌లోనే ఉండటంతో వెనకే అదీ ఆగింది.

ఒక పెద్దాయన ట్రాక్టర్ దిగి ఆఫీసు కిటికీ దగ్గరికి వచ్చాడు. "నిన్న పొద్దున నుంచి లైన్లో ఉండాము సామీ. కాయ మెత్తబడతా ఉంది. ఆ చీటీ ఏదో ఇచ్చేస్తే దించేసి పోతాం" అన్నాడు. ఆయనకు సీ డ్రైవ్ గురించి ఏం చెప్తాం? మేనేజర్ సార్ కార్బన్ పెట్టి రాసే పాత చీటీల పుస్తకం తీయించారు. తెల్లారేదాకా బరువులు చేత్తో రాసి, సంతకాలు పెట్టించి ఇచ్చాం. ఆ రాత్రి ఒక్క రైతు పేరైనా తప్పిపోతే అతని నాలుగు రూపాయల సంగతి ఏమవుతుందోనని నాకు గుండె దడగా ఉండింది. మరుసటి రోజంతా ఆ చీటీలను ఒక్కొక్కటే ఎంట్రీ చేసి, ఇద్దరం కూర్చుని సరిచూసుకున్నాకే నిద్ర పట్టింది.

ఆ సర్వర్‌ని 2019లో ఒక సంస్థ వాళ్ళు పెట్టి వెళ్ళారు. ఒక టీబీ డిస్క్‌లో సీ డ్రైవ్‌కి 60 జీబీ, మిగతాదంతా డీ డ్రైవ్‌కి. అప్పటికి 60 బాగానే కనిపించి ఉంటుంది, ఎందుకంటే విండోస్ సర్వర్‌కి మైక్రోసాఫ్ట్ చెప్పే కనీస జాగా 32 జీబీయే. కానీ అది ఇన్‌స్టాల్ కావడానికి కావలసిన కనీసం. ఆరేళ్ళు బతకడానికి సరిపోయేది కాదు.

డీ డ్రైవ్ నుంచి కొంత తీసి సీకి కలిపేయొచ్చు కదా అని అందరూ అడిగారు. విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవ్‌ని పెంచాలంటే ఖాళీ జాగా సీకి ఆనుకుని కుడివైపునే ఉండాలి. మధ్యలో డీ ఉంటే, డీ చివర ఎంత ఖాళీ చేసినా 'ఎక్స్‌టెండ్ వాల్యూమ్' బూడిద రంగులోనే ఉండిపోతుంది. డీని పక్కకు జరిపే బయటి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. సీజన్ మధ్యలో, రైతుల లెక్కలున్న డిస్క్ మీద ఆ ప్రయోగం వద్దన్నాను. మేనేజర్ సార్ కూడా అదే అన్నారు.

కాబట్టి ఆ సీజన్‌ని తాత్కాలిక వైద్యంతో గట్టెక్కించాం. ఏది ఎంత తింటోందో చూడటానికి విన్‌డిర్‌స్టాట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా నడిపాను (మామూలు యూజర్‌గా నడిపితే కొన్ని ఫోల్డర్లు అసలు కనిపించవు, లెక్క కుదరదు). విండోస్ ఫోల్డర్ ఒక్కటే దాదాపు 30 జీబీ. పేజ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునే ఫైలు) 7. డేటాబేస్, దాని బ్యాకప్‌లు కలిపి 9. ఉద్యోగుల హాజరు చూపించే చిన్న వెబ్ పేజీ ఒకటి అదే సర్వర్‌లో ఉంది, దాన్ని నడిపే ఐఐఎస్ (విండోస్‌లోని వెబ్ సర్వర్) రాసుకునే లాగ్‌లు 5 జీబీ. యూజర్ల ఫోల్డర్లు 4. మిగతాది చిల్లర.

ఐఐఎస్ లాగ్‌ల సంగతి చాలామందికి తెలియదు. అవి మామూలుగా సీ డ్రైవ్‌లో ఇనెట్‌పబ్ అనే ఫోల్డర్‌లో రోజుకో ఫైలు చొప్పున పడుతుంటాయి, విండోస్ వాటిని తనంతట తాను ఎప్పటికీ తీసేయదు. ఎవరు ఎప్పుడు హాజరు చూసుకున్నారో 2019 నుంచి ఉన్న రాత అంతా అక్కడే ఉంది. పాతవి డీకి మార్చాను. విండోస్ టెంప్ ఫోల్డర్‌లో క్యాబ్ ఫైళ్ళు 3 జీబీ దాకా పేరుకున్నాయి, అవి తీసేశాను. విండోస్‌లోనే ఉండే డిస్మ్ కమాండ్‌తో, విండోస్ భాగాల పాత, కొత్త ఫైళ్ళు ఉండే విన్‌ఎస్ఎక్స్ఎస్ ఫోల్డర్‌ని శుభ్రం చేయిస్తే గంటకు పైగా నడిచి రెండు జీబీ చిల్లర వచ్చింది. ఆ ఫోల్డర్‌లో చేత్తో ఏదీ తీయకూడదు. పైగా ఎక్స్‌ప్లోరర్‌లో కనిపించే సైజు కూడా నిజం కాదు, ఒకే ఫైలు రెండు చోట్ల లెక్కకు వస్తుంది. డిస్మ్‌లోనే అసలు సైజు చెప్పే ఆప్షన్ ఉంది, దాన్ని నమ్మాలి. ఇన్‌స్టాలర్ అనే దాచిన ఫోల్డర్ 4 జీబీ ఉంది. 'అది తీసేయ్, ఏం కాదు' అని ఫోన్‌లో ఒకరిద్దరు సలహా ఇచ్చారు. నేను తాకలేదు. అందులో ఫైళ్ళు పోతే ఆ తర్వాత ఆ సాఫ్ట్‌వేర్లను అప్‌డేట్ చేయడం, తీసేయడం కుదరదు.

మొత్తమ్మీద పదికి దగ్గరగా జీబీలు దొరికాయి. జూలై ఆఖరుదాకా రోజూ పొద్దున్నే ఆఫీసుకు రాగానే ముందు సీ డ్రైవ్ చూసేవాణ్ణి, తర్వాతే టీ.

సీజన్ అయ్యాక కొత్త సర్వర్‌కి మేనేజర్ సార్ ఒప్పుకున్నారు. ఈసారి సీ డ్రైవ్ సైజు ఎవరో చెప్పిన అంకె కాకూడదని, మా దగ్గర నిజంగా ఎంత పెరుగుతోందో కొలవాలని నిర్ణయించుకున్నాను. టాస్క్ షెడ్యూలర్‌లో చిన్న పవర్‌షెల్ స్క్రిప్ట్ పెట్టాను. గంటకోసారి సీలో ఎంత ఖాళీ ఉందో డీలో ఉన్న ఒక ఫైలులో ఒక వరుస రాస్తుంది, అంతే. ఆగస్టు నుంచి డిసెంబరు దాకా నడిచింది.

నన్ను బాగా ఆశ్చర్యపరిచింది ఆ ఫైలే. వారానికోసారి కొలిచి ఉంటే ఏమీ తెలిసేది కాదు. మామూలు రోజుల్లో పెరుగుదల చాలా తక్కువ, నెలకు ముప్పావు జీబీకి అటూ ఇటూ. కానీ నెలలో రెండో మంగళవారం మైక్రోసాఫ్ట్ అప్‌డేట్లు వస్తాయి, మనకు అప్పటికి రాత్రి. ఆ తర్వాతి ఒకటి రెండు రోజుల్లో ఖాళీ హఠాత్తుగా 4, 5, ఒకసారి 6 జీబీ పడిపోయి, అప్‌డేట్ పూర్తయి రీస్టార్ట్ అయ్యాక మళ్ళీ చాలావరకు వెనక్కి వచ్చేసింది. జూన్‌లో మేము ఆగిపోయింది కూడా అప్‌డేట్ దిగిన కొద్ది రోజులకే. సగటు చూసుకుంటూ కూర్చుంటే ఈ గుంత కనిపించదు. సీ డ్రైవ్‌కి జాగా లెక్క వేసేవాళ్ళు ఆ గుంత లోతు చూడాలి.

సెప్టెంబరులో చెన్నైలోని ఒక డీలర్ నుంచి కొటేషన్ తీసుకున్నాం. టవర్ సర్వర్, 32 జీబీ ర్యామ్, 480 జీబీ ఎస్ఎస్‌డీలు రెండు (రెయిడ్ 1, అంటే ఒకదాని కాపీ ఇంకొకటి), డేటా బ్యాకప్‌కి ఒక మామూలు డిస్క్, విండోస్ సర్వర్ 2022. కాటా సాఫ్ట్‌వేర్ వాళ్ళు 2022 దాకానే సపోర్ట్ ఇస్తామన్నారు కాబట్టి 2025 వెర్షన్ జోలికి పోలేదు. 2022కి అప్‌డేట్లు 2031 అక్టోబరు దాకా వస్తాయి, అంటే ఇంకో ఆరు సీజన్లు. పాత సర్వర్‌లో ఉన్న విండోస్ సర్వర్ 2016కి 2027 జనవరితో ఆగిపోతాయి. లైసెన్సుతో, జీఎస్టీతో కలిపి మూడు లక్షలకు కాస్త తక్కువ.

కొటేషన్ గడువు పదిహేను రోజులు. మా దగ్గర సంతకాలు పూర్తయ్యేసరికి దీపావళి దాటింది. అప్పటికి ర్యామ్ ధరలు పెరిగాయని డీలర్ 22,000 రూపాయలు ఎక్కువ అడిగారు. బేరమాడితే నాలుగు వేలు తగ్గింది. సర్వర్ కొనాలనుకునేవాళ్ళు కొటేషన్ రాకముందే లోపలి అనుమతులు సిద్ధంగా పెట్టుకోవడం మంచిది. మూడు వారాల్లో వస్తుందన్న పెట్టె ఆరు వారాలకు, డిసెంబరు ఆఖరులో గేటు దాటింది.

ఆ ఎదురుచూపులోనే కాగితం మీద లెక్క పూర్తి చేశాను. అప్‌డేట్లన్నీ వేశాక విండోస్‌కి 30 జీబీ. పాత సర్వర్ పెరిగిన తీరు చూసి, ఆరేళ్ళకు అది ఇంకో 40 పెరుగుతుందనుకున్నాను. సాఫ్ట్‌వేర్లు, యాంటీవైరస్, వాటి ఇన్‌స్టాలర్ ఫైళ్ళు 20. యూజర్ల ఫోల్డర్లు 10. అప్‌డేట్ రోజు గుంత 10.

పేజ్ ఫైల్ దగ్గర చాలాసేపు ఆగాను. ర్యామ్ 16 ఉన్నప్పుడు పట్టించుకోని విషయం 32కి వెళ్ళేసరికి పెద్దదైంది. సర్వర్ బ్లూ స్క్రీన్‌తో పడిపోతే ఎందుకు పడిందో చెప్పే డంప్ ఫైల్ ముందు పేజ్ ఫైల్‌లోకి రాస్తుంది, తర్వాత దాన్ని విండోస్ ఫోల్డర్‌లో విడి ఫైలుగా పెడుతుంది. పూర్తి డంప్ కావాలంటే పేజ్ ఫైల్ ర్యామ్ కంటే కొంచెం పెద్దది ఉండాలి, విడి ఫైలుకు మళ్ళీ అంత జాగా కావాలి. అంటే మాకు 64 జీబీ పైమాటే. కెర్నల్ డంప్ (విండోస్ ముఖ్య భాగం వాడే మెమరీని మాత్రమే రాసేది) చాలనుకుంటే చాలా తగ్గుతుంది. మా స్థాయికి కెర్నల్ డంప్ చాలని, పేజ్ ఫైల్ 16 జీబీకి స్థిరంగా కట్టేసి, డంప్‌కి ఇంకో 16 వదిలాను. పేజ్ ఫైల్‌ని మొత్తంగా డీకి తోసేస్తే సీ మిగులుతుందని కొందరు చేస్తారు. అలా చేస్తే పడిపోయిన రోజున చూసుకోవడానికి డంప్ దొరక్కపోవచ్చు. నాకు ఆ రాత్రి అనుభవం తర్వాత, ఏం జరిగిందో తెలియకుండా ఉండటం ఇష్టం లేదు.

కూడితే 142. ఎప్పుడూ ఐదో వంతు ఖాళీ ఉండాలనుకుని 180 జీబీ అని రాసుకున్నాను.

పెట్టె విప్పి కరెంటు పెట్టగానే అనుకోనిది ఎదురైంది. డీలర్ చెన్నైలోనే విండోస్ వేసి పంపారు, సీ డ్రైవ్‌కి 100 జీబీ, మిగతాది డీ. వచ్చిన ఇంజనీర్ మంచి కుర్రాడు. "అన్నా, మేము అందరికీ వందే పెడతాం, ఎవరూ ఏమీ అనలేదు" అన్నాడు. నా కాగితం, స్క్రిప్ట్ రాసిన ఫైలు చూపించాను. కాసేపు చూసి, "అయితే మొత్తం 447 సీకే ఇచ్చేద్దాం, గొడవే ఉండదు" అన్నాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ ఒకే డ్రైవ్ అయితే రేపు డేటాబేసో, లాగ్‌లో అదుపు తప్పి పెరిగితే మళ్ళీ విండోస్ గొంతే పట్టుకుంటాయి. విండోస్ పాడై దాన్ని ఇమేజ్ (ముందే తీసి పెట్టుకున్న డ్రైవ్ పూర్తి కాపీ) నుంచి వెనక్కి తేవాల్సి వచ్చినా రైతుల లెక్కలు వేరే చోట క్షేమంగా ఉండాలి. ఆ రెండు కారణాలూ చెప్పాక అతను పెన్‌డ్రైవ్ తీశాడు, మొదటి నుంచి వేశాం. ఇది ముందే తెలిసి ఉంటే పర్చేజ్ ఆర్డర్‌లోనే 'విండోస్ వేయకుండా పంపండి, పార్టిషన్లు మా సైట్‌లో' అని రాయించేవాళ్ళం, ఒక పూట మిగిలేది.

ఈలోపు మేనేజర్ సార్ వచ్చి, "480కి డబ్బు కట్టాం, 447 చూపిస్తోంది, మిగతా 33 ఏవయ్యా?" అని అడిగారు. డిస్క్ చేసేవాళ్ళు జీబీని వంద కోట్ల బైట్లుగా లెక్కేస్తారు, విండోస్ 1024 గుణకాల్లో లెక్కేస్తుంది, డిస్క్ అదే, కొలత వేరు అని కాలిక్యులేటర్ మీద చేసి చూపించాను. లెక్క తేలాక శాంతించారు.

అసలు చిక్కు రికవరీ పార్టిషన్‌ది, అంటే విండోస్ లేవనప్పుడు బాగుచేసే సాధనాలుండే చిన్న భాగానిది. విండోస్ సర్వర్ 2022 మామూలుగా వేస్తే సీ డ్రైవ్ పక్కనే, కుడివైపున రికవరీ పార్టిషన్ ఒకటి తయారవుతుంది. పాత వెర్షన్లలో ఇది ముందు ఉండేది. సీని పెంచడానికి పక్కన ఖాళీ వదిలినా, ఈ చిన్న ముక్క మధ్యలో అడ్డం కూర్చుంటే పాత కథే. ఇంకో సంగతి కూడా ఉంది. 2024 జనవరిలో వచ్చిన ఒక అప్‌డేట్‌కి ఈ రికవరీ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ కావాల్సి వచ్చింది, అది లేక ఎన్నో సర్వర్లలో అప్‌డేట్ ఫెయిల్ అయింది. అందుకని రీఏజెంట్‌సీ అనే కమాండ్‌తో రికవరీని ఆపి, డిస్క్‌పార్ట్ అనే కమాండ్‌తో ఆ ముక్కను తీసేసి, డిస్క్ చివర ఒక జీబీతో కొత్తగా చేసి మళ్ళీ ఆన్ చేశాం. స్టేటస్ అడిగితే 'ఎనేబుల్డ్' అని, కొత్త పార్టిషన్ నంబరుతో చూపించాక గానీ ఊపిరి తీసుకోలేదు.

చివరికి డిస్క్ ఇలా కుదిరింది: సీ 180, దానికి ఆనుకుని ఎవరికీ ఇవ్వకుండా వదిలేసిన జాగా 60, తర్వాత డీ 205 చిల్లర, ఆఖరున రికవరీ. ఆ 60 చూసి ఇంజనీర్ కొంచెం బాధపడ్డాడు. నా లెక్క తప్పితే అక్కరకొచ్చేది అదే. సీ చాలకపోతే రెండు నిమిషాల్లో, సర్వర్ ఆపకుండా కలపొచ్చు.

పార్టిషన్ పెట్టాక కూడా పని అయిపోదు, ఎందుకంటే సాఫ్ట్‌వేర్లు అడగకుండానే సీలోకి దూరతాయి. కాటా సాఫ్ట్‌వేర్ సెటప్ తనతోపాటు ఎస్‌క్యూఎల్ ఎక్స్‌ప్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌ని సీలోని ప్రోగ్రామ్ ఫైల్స్‌లోనే వేసేస్తుంది. అందుకే ఎస్‌క్యూఎల్‌ని ముందు చేత్తో వేసి, డేటా, లాగ్, బ్యాకప్, టెంప్‌డీబీ (దాని తాత్కాలిక డేటాబేస్) అన్నింటికీ డీ దారి ఇచ్చి, ఆ తర్వాతే కాటా సాఫ్ట్‌వేర్ వేయించాం. స్పూల్ ఫోల్డర్‌ని ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్‌లో డీకి మార్చాను. ఐఐఎస్ లాగ్‌లు డీకి వెళ్ళాయి, 90 రోజులు దాటినవి తీసేసే స్క్రిప్ట్ కూడా పెట్టాను. సీలో ఖాళీ 50 జీబీకి తగ్గితే నాకు, మేనేజర్ సార్‌కి మెయిల్ వస్తుంది.

సంక్రాంతి అయ్యాక జనవరి 18, ఆదివారం పాత సర్వర్ నుంచి మారాం. డేటాబేస్ తరలింపు మధ్యాహ్నానికి అయిపోయింది, అప్‌డేట్లు మాత్రం రాత్రి దాకా లాగాయి. కాటా తమ్ముడు ఫ్యాక్టరీ సొంత లారీని ఎక్కించి మొదటి చీటీ తీశాడు. బరువు, సమయం, వరుస నంబరు అన్నీ సరిగ్గా పడ్డాయి. జూన్‌లో చేత్తో రాసిన చీటీల ఎంట్రీలు కూడా కొత్త సర్వర్‌లో తెరిచి పుస్తకంతో ఇంకోసారి సరిచూశాను. ఒక్కటీ పోలేదు. అది చూశాక కలిగిన నిశ్చింత మాటల్లో పెట్టలేను.

ఇప్పుడు మార్చి. రెండు అప్‌డేట్ వారాలు దాటాయి. సీ డ్రైవ్‌లో వాడుక 61 జీబీ, అంటే పాత సర్వర్ సీ డ్రైవ్ మొత్తం ఎంతో అంత, కొత్తది పెట్టిన రెండు నెలలకే. ఇందులో 16 పేజ్ ఫైల్. ఫిబ్రవరి అప్‌డేట్ రోజు గుంత 7 జీబీ దాకా పడింది, నేను వదిలింది 10. పోయిన వారం సీ డ్రైవ్ ఇమేజ్‌ని విడి డిస్క్ మీదికి తిరిగి ఎక్కించి చూశాం. ముప్పావు గంటలో విండోస్ లేచింది, డీలోని లెక్కలను ముట్టుకోవాల్సిన పని పడలేదు. మే నెలలో కాయ గేటు దగ్గరికి రాకముందు ఇదే పరీక్ష ఇంకోసారి, ఈసారి కాటా తమ్ముడి చేత చేయిస్తాను.